కోతి మెదడు ఎవరు కొట్టేశారు

పల్నాడులో ఇప్పటిదాకా జరిగిన యుద్ధాలన్నీ ఒకెత్తు, నేను చెప్పబోయేది ఒకెత్తు. ఇందులో కుట్ర ఉంది, వెన్నుపోటు ఉంది, పుర్రెలున్నాయి, మాయమైన మెదళ్ళున్నాయి. తట్టుకోలేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగనివాళ్ళకి నిజం చెప్తాను. యుద్ధమేమీ జరగలేదు. రెంటచింతలలో కూలర్ గాలంతా లాప్‌టాప్‌కి వదిలేసి, తను చెమటలు కక్కుకుంటూ కూర్చున్న ఒక మొనగాడు వీడియో కాల్‌లో పరువు పోగొట్టుకున్నాడు. ఆ మొనగాణ్ణి నేనే.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలకి కొత్తగా కుదిరి, ఇంటినుంచి పని చేస్తున్నాను. ఇంకా ప్రొబేషనే. ఇచ్చిన పని వినడానికి చిన్నదే. మనుషుల తల స్కానుల్లో మెదడెక్కడుందో, దాని చుట్టూ పుర్రె ఎక్కడుందో గీత గీసి వేరుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని కోతులకి పనికొచ్చేలా మార్చాలి. మనిషి చొక్కాని కోతికి ఆల్టర్ చెయ్యడం లాంటిదన్నమాట. శుక్రవారం వీడియో కాల్‌లో మా ల్యాబ్ పెద్ద మేడం ముందు కోతి పుర్రె శుభ్రంగా చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే నరసరావుపేటలో నేను దర్జాగా ఉద్యోగం మానేసొచ్చిన కోచింగ్ సెంటర్ గుమ్మంలో మళ్ళీ నిలబడాలి.

గురువారం ఒక కోతి స్కాన్ ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ కాసేపు ఆలోచించి, పళ్ళ మధ్యలో మెదడు చూపించింది. నిజంగా మెదడుండే చోటుని అనవసరమని పక్కన పారేసింది. ఇంకో కోతి, అదే వరస. ఇంకోటి, అదే.

వేరే ఊళ్ళో పుట్టినవాడైతే ముందు తనేం తప్పు చేశాడో చూసుకుంటాడు. మా ఊళ్ళో బోరు మోటారు కాలినా, బర్రె పాలివ్వకపోయినా, అవతలి వర్గంలో ఎవరు నిన్న ఆ దారిన పోయారో ముందు ఆరా తీస్తాం. మోటారు సంగతి తర్వాత. నన్ను ముంచింది ఆ పెంపకమే.

పైగా పక్కన మా బాబాయి. ఒకసారి వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయి, అప్పట్నించీ మనుషుల్ని నమ్మడం మానేశాడు. తెర మీద పుర్రె చూసి కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"ఏందిరా ఇది, చేతబడా?"

"ఉద్యోగం, బాబాయ్."

"మెదడు నోట్లో ఉందేంది?"

"అదే అర్థం కావట్లా."

"ఈ ఫోటోలు నీకెవురిచ్చారు?"

"కిరణ్ అని, ల్యాబ్‌లో ఉంటాడు. నాకంటే ముందు ఈ పని అతనే చేసేవాడు."

బాబాయి కళ్ళు మూసుకుని, జడ్జీగారిలా తలాడించాడు. "చేసేవాడు. ఇప్పుడు నీకిచ్చారు. ఇంకేందిరా నీకు అర్థం కానిది?"

అంతలోనే కిరణ్ నుంచి మెసేజ్. "బానే వస్తోందా బ్రో? ఎక్కించేటప్పుడు ఒకటి మార్చాలి. కాల్‌కి రా, చూపిస్తాను."

"నువ్వడిగావా?" అన్నాడు బాబాయి.

"లేదు."

"అడక్కుండా సాయం చేస్తన్నాడంటే, పెట్టిన మంట ఎందాకా అంటుకుందో చూసుకోటానికే. ఫోనెత్తమాక."

ఎత్తలేదు. "అంతా సూపర్ బ్రో" అని పెట్టాను. అతను బొటనవేలు బొమ్మ పంపాడు. ఆ బొటనవేలిని ఇద్దరం చానాసేపు పరీక్షించాం. అందులో వెటకారం ఉందని బాబాయి తేల్చాడు. నాకు బెదిరింపు కూడా కనబడింది.

శుక్రవారం కాల్‌లో మేడం, కిరణ్, నేను. కెమెరాకి అందకుండా మంచం మీద బాబాయి. నోట్లో మెదడున్న కోతుల్ని వరసగా చూపించి గొంతు సవరించుకున్నాను.

"మేడం, అన్ని కోతులకీ ఒకే తప్పు ఊరికే రాదు. ఈ స్కానుల్లో ఎవరో చెయ్యి పెట్టారు. పేరు చెప్పను. ఆయన ఈ కాల్‌లోనే ఉన్నారు."

కాల్‌లో ఉన్నది ముగ్గురం. పేరు దాచిన నా సంస్కారాన్ని గమనించండి.

మేడం కళ్ళజోడు సర్దుకున్నారు. "కోతి ఎలా పడుకుందని సాఫ్ట్‌వేర్‌కి చెప్పారు?"

"అది కూడా చెప్పాలా మేడం?"

"మనుషుల్ని వెల్లకిలా పడుకోబెట్టి స్కాన్ తీస్తారు. మనం కోతికి మత్తిచ్చి, బోర్లా పడుకోబెట్టి, మూతి ముందుకి పెడతాం. అది చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ మూతినే నడినెత్తి అనుకుంటుంది."

"అంటే, మేడం, ఈ మెదడు..."

"నాలుక."

నాలుక చేసే పనిని మెదడు పని అనుకోవడం మా వంశంలో ఉన్నదే. సాఫ్ట్‌వేర్‌ని ఏమనగలను.

కిరణ్ మెల్లగా అన్నాడు. "అదే చూపిద్దామని నిన్న కాల్‌కి రమ్మన్నాను బ్రో."

"నమ్మమాక," అన్నాడు బాబాయి మంచం మీంచి. మైకు ఆన్‌లోనే ఉంది.

మేడం ముఖంలోకి, మా ఊరివాళ్ళకి బాగా తెలిసిన చూపొకటి వచ్చింది. "మీ పక్కన ఎవరు?"

"మా బాబాయండి."

"మన స్కానులు ఆయన కూడా చూశారా? ఇంకా ఎవరెవరు చూశారు?"

ఉద్యోగం పోలేదు. ఖాయమూ కాలేదు. ప్రొబేషన్ పొడిగించారు. ఇంటినుంచి పని రద్దు చేసి, రోజూ హైదరాబాదు ఆఫీసులో కిరణ్ పక్క కుర్చీలో, అతని కళ్ళెదుట పని చెయ్యమన్నారు.

కాబట్టి రెంటచింతల ఎండ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ జీవి తలలోనైనా మెదడు కనబడకపోతే, ముందు నా తలలో వెతుకుతాను. అక్కడా దొరక్కపోతేనే ఇంకొకర్ని అనుమానిస్తాను.

ఎవరికైనా పనికొస్తుందేమో, చెప్తున్నాను. స్కాన్ తెరవగానే పడుకున్న తీరు అని ఒక గడి వస్తుంది. అందులో ముందే వెల్లకిలా అని ఉంటుంది. బోర్లా అని మార్చి, ఓకే నొక్కాలి.