ఊ అంటే కదలకూడదు

దెయ్యాలు లేవు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. చదవడం అయ్యాక, "చూశావా, ఉన్నాయని నువ్వే ఒప్పుకున్నావు" అని ఎవరూ నా మీదికి రావద్దు. నేను ఒప్పుకోలేదు. శ్మశానం పక్క చేలో చెరుకు కొట్టించి, అక్కడే గట్టు మీద అన్నం తిని కునుకు తీసిన మనిషిని. నాకు ఎవరూ కనపడలేదు, ఎవరూ పలకలేదు.

నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి చూసింది, విన్నది మరిచిపోను. మా చుట్టాల్లో ఎవరి పిల్ల ఏ వానకి పుట్టిందో ఇప్పటికీ నన్నే అడుగుతారు. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను. కారణం మీకు తోస్తే చెప్పండి. ఇప్పటిదాకా చెప్పినవాళ్ల మాట ఒక్కటీ నిలబడలేదు.

మాది సామర్లకోట వైపు. మా ఆయన చెరుకు ఫ్యాక్టరీకి ట్రాక్టరు తోలేవారు. ట్రాక్టరుకీ వెనక ట్రక్కుకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంటుంది. ట్రక్కు తగిలించేటప్పుడు ఒకరు ఆ సందులో నిలబడి పిన్ను దింపాలి. మా బండికి ఆ పని వీర్రాజు చేసేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను అక్కా అనేవాడు. వెలిగించినా వెలిగించకపోయినా చుట్ట ఎప్పుడూ నోట్లోనే ఉండేది. ఏమడిగినా చుట్ట తియ్యకుండా ముక్కులోంచి "ఊ" అనేవాడు. అన్నం తిన్నావా అంటే ఊ. పిల్లకి జ్వరం తగ్గిందా అంటే ఊ.

ఒక పొద్దున మా ఆయన సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే "రానా?" అని అడిగారు. వీర్రాజు "ఊ" అన్నాడు. రమ్మన్నాడనుకుని ఆయన బండిని వెనక్కి పోనిచ్చారు. ఆ ఊకి అర్థం "ఉండు" అనో, "వింటున్నా" అనో. ఏదన్నదీ చెప్పడానికి అతను మిగల్లేదు.

మన ఊ అలాంటిది. సరేనన్నా ఊ, ఆగమన్నా ఊ, కథ వింటున్నా ఊ.

ఆ తర్వాత మా ఆయన ఒక పద్ధతి పెట్టారు. బండి అంగుళం కదిలే ముందు "ఉన్నావా?" అని అడగాలి. వెనకాల మనిషి సందులోంచి పూర్తిగా బయటికొచ్చి "లేను" అనాలి. నేను సందులో లేను అని. నోరు తెరిచి, మాట పూర్తిగా అనాలి. ఊ అంటే కదలకూడదు. ఇంజను ఆపి, దిగి వచ్చి చూడాలి.

వీర్రాజు పోయాక మా బండికి పిన్ను దింపడానికి ఎవరూ రాలేదు. రెండు సీజన్లు నేనే దింపాను. మనిషి ఎదురుగా నిలబడి లేను లేను అని అరుస్తుందని ఫ్యాక్టరీ గేటు దగ్గర నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. చూడాల్సినవన్నీ వేలి కణుపుల మీద లెక్క పెట్టుకునేదాన్ని. నాలుగు వేళ్లకి పన్నెండు కణుపులు, పన్నెండు చూపులు. ఒక్క కణుపు మిగిలినా బండి కదలనిచ్చేదాన్ని కాదు.

ఇక జర్మనీ సంగతి. మా అమ్మాయి రమణి, అల్లుడు కిశోర్ హానోవర్లో ఉంటారు. రెండో కాన్పుకని ఫిబ్రవరిలో వెళ్లాను. మార్చిలో బాబు పుట్టాడు, అదే నెలలో విమానాలు ఆగిపోయాయి. వీసా ఆఫీసు వాళ్లు అక్కడే ఉండవచ్చని కాగితం పంపారు. మా ఆయన సామర్లకోటలో ట్రాక్టర్ల రిపేరు షెడ్డులో, నేను హానోవర్లో మూడో అంతస్తులో. బయటికెళ్తే మాస్కు, లోపలుంటే నాలుగు గోడలు. పెద్ద మనవరాలు హాసినికి ఆరేళ్లు. కీటా, అంటే అక్కడి చిన్నపిల్లల బడి, మూసేసి కొన్నాళ్లు, సగం పిల్లలతో కొన్నాళ్లు. కిటికీకి అతుక్కుపోయింది పిల్ల.

జూలైలో అల్లుడు ఒక వోన్‌వాగెన్ అద్దెకి తెచ్చాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లు అది. లోపలే పడక, పొయ్యి, మరుగుదొడ్డి. చంటిబిడ్డతో హోటళ్లకి భయం కాబట్టి దీంట్లో హార్జ్ కొండలకి వెళ్దామన్నాడు. కారు దగ్గరికి దిగి చూసేసరికి నాకు ముందు కనపడింది ఇల్లు కాదు. కారుకీ దానికీ మధ్య సందు.

అద్దెకిచ్చినవాళ్లు చూడాల్సినవన్నీ రాసిన అట్ట ఇచ్చారు. నేను చదవలేను గానీ, అల్లుడు తగిలిస్తుంటే చూసి కణుపులకి ఎక్కించేసుకున్నాను. కారుకి వెనక ఒక ఇనప గుండు. బండి మూతి దాని మీద కూర్చుని పట్టుకోవాలి. పట్టుకుంటే పక్కన ఆకుపచ్చ గుర్తు కనపడుతుంది, లేకపోతే ఎరుపు. దారిలో ఊడిపోతే తనంతట తనే బ్రేకు పడేలా ఒక సన్న ఉక్కు తాడు, అది కారుకి తగిలించాలి. లైట్ల ప్లగ్గు, మూతి కింద చిన్న చక్రం పైకెత్తడం, నాలుగు మూలల కాళ్లు మడవడం, గ్యాసు కట్టెయ్యడం, పైన కిటికీ మూత. పన్నెండు సరిగ్గా సరిపోయాయి. చివరిది మాత్రం నాది, ఉన్నావా లేను.

వీర్రాజు సంగతి చెప్పి, ఈ మాట అడక్కుండా కదలనని అల్లుడి చేత ఒప్పించాను. వెళ్లేటప్పుడు మూడు చోట్ల ఆగాం, మూడు చోట్లా అడిగించాను. మూడోసారికి అతనికి చిరాకేసింది.

"అత్తయ్యగారూ, మనిషి ఉండి లేను అనడమేంటండీ. పక్కనోళ్లు మనకేదో అయిందనుకుంటారు."

"పక్కనోళ్లకి తెలుగు రాదు బాబూ. మీరు అడగండి."

"అడుగుతానండీ. మీరు మాత్రం ఆ హుక్కు దగ్గరికి వెళ్లకండి. చెక్‌లిస్టు నా దగ్గరుంది, బాధ్యత నాది. మీరు వెనక నిలబడి లైట్లు చూసి చెప్పండి, చాలు."

మర్యాదగానే అన్నాడు. మా అమ్మాయి వెనకనుంచి ఊరుకోమని కళ్లతో చెప్పింది. నాకు పౌరుషం వచ్చింది. అంతగా వద్దంటే నాకెందుకు అనుకున్నాను. నా తప్పు కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

తిరుగు ప్రయాణం ఆదివారం. పొద్దున పదిగంటలు, మంచి ఎండ. చీకటి లేదు, మంచు లేదు. కరోనా కాబట్టి ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఒక జాగా ఖాళీగా వదిలించారు. మాకు దగ్గరగా ఉన్న జర్మను ముసలి దంపతులు అప్పటికి గంట ముందే బండి తీసుకుని వెళ్లిపోయారు. ఇటు చెట్లు, అటు గడ్డి. మధ్యలో మేం.

అల్లుడు బండి తగిలిస్తుండగా ఫోను మోగింది. ఆఫీసు వాళ్లది. ఆదివారం పూట కూడా వదల్లేదు. మాట్లాడుతూ గడ్డిలో అటూ ఇటూ పావుగంట తిరిగాడు. తిరిగొచ్చి అట్ట తీసి టకటకా గీతలు పెట్టేశాడు. పన్నెండింటికల్లా బండి అప్పగించాలని తొందర. సందులోకి వెళ్లి చూద్దామని నా కాళ్లు లాగాయి. వెళ్లలేదు. రెండు కణుపులు లెక్క పెట్టకుండా వదిలేసి, వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

రమణి, హాసిని, చంటివాడు కార్లో కూర్చున్నారు. అద్దాలు దింపే ఉన్నాయి. ఎడమ లైటు, కుడి లైటు, బ్రేకు లైటు. బాగున్నాయని చెప్పాను.

అల్లుడు కిటికీలోంచి "ఉన్నారా?" అని అరిచాడు.

లేను అనడానికి నోరు తెరిచాను. అనలేదు. అనేలోపు సందులోంచి వినపడింది.

"ఊ."

మగ గొంతు. ముక్కులోంచి వచ్చింది. పెద్దగా లేదు, మెల్లగా లేదు. పనిలో ఉన్న మనిషి తలెత్తకుండా అన్నట్టుంది.

కారు కదల్లేదు. ఇంజను ఆగిపోయింది. తలుపు తీసుకుని అల్లుడు నవ్వుతూ దిగాడు.

"రూలు పెట్టింది మీరే, తప్పింది మీరే. ఊ అంటే దిగి చూడమన్నారుగా, దిగాను. ఏంటండీ?"

"నేను అనలేదు బాబూ."

"మరెవరు?"

కార్లోంచి హాసిని తల బయటపెట్టి "వేర్ వార్ దాస్?" అంది. ఎవరది అని. రమణి ముఖం తెల్లబోయి ఉంది. "అమ్మా, నువ్వనుకున్నా. గొంతు బొంగురుపోయిందేంటా అనుకున్నా" అంది.

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. నా కూతురూ దాని బిడ్డలూ ఉన్న బండి దగ్గర ఎవరి ఆటలు ఇవి అనిపించింది. గబగబా వెళ్లి సందులోకి వంగి చూశాను. "ఎవరు నువ్వు? ఉంటే ఉన్నానని నోరు తెరిచి చెప్పు" అన్నాను. బండి కింద చూశాను, చుట్టూ తిరిగి చూశాను. నలగని గడ్డి, అంతే.

అప్పుడు కనపడింది. ఎరుపు.

ఉక్కు తాడు కారుకి తగిలించి లేదు, బండి మూతి కడ్డీ మీదనుంచి వేలాడుతోంది. అల్లుడు పక్కన కూర్చుని చిన్న చక్రం పిడి తిప్పాడు. మూతి గుండుని పట్టుకుని ఉంటే, తిప్పేకొద్దీ కారు వెనక భాగం కూడా పైకి లేవాలి. కారు లేవలేదు. బండి మూతి ఒక్కటే గుండు మీదనుంచి లేచి వచ్చేసింది, గిన్నె మీద మూత లేచినట్టు. ఊరికే ఆనించి ఉందంతే. ఫోను వచ్చినప్పుడు ఎక్కడ ఆపాడో, తిరిగొచ్చాక అది దాటి గీత పెట్టేశాడు.

అక్కడినుంచి దిగే రోడ్డు ఎలాంటిదో వచ్చేటప్పుడు చూశాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మెలికల కింద మెలికలు. ఎదురుగా సైకిళ్ల మీద పిల్లాజెల్లా. ఆ వాలులో ఇది ఊడితే, ఆపడానికి తాడు కూడా లేదు. అల్లుడు గడ్డిలో చతికిలబడ్డాడు. చేతిలో అట్ట పక్కన పడేశాడు. తర్వాత, "అత్తయ్యగారూ, మొదటినుంచీ మీరే చూడండి" అన్నాడు.

పన్నెండు కణుపులూ చూశాను. ఆకుపచ్చ కనపడ్డాక అతని చేత చూపించాను, అమ్మాయి చేత చూపించాను. వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

"ఉన్నారా?"

"లేను" అన్నాను, ఆ కొండకి వినపడేలా.

అయినా అతను వెంటనే కదలలేదు. కిటికీలోంచి చెవి బయటపెట్టి ఆగాడు. నేనూ ఆగాను. ఏమీ వినపడలేదు. నేను వెళ్లి కార్లో కూర్చున్నాక బయలుదేరాం.

హానోవర్ చేరేలోపే అల్లుడు కారణాలు వెతకడం మొదలుపెట్టాడు. చిన్న చక్రం కిర్రుమందేమో అన్నాడు. ఆ చక్రం అప్పుడు కదల్లేదు. చంటివాడు మూలిగాడేమో అంది రమణి. వాడు దాని ఒళ్లోనే నిద్రపోతున్నాడు, గొంతు బయటినుంచి వచ్చింది. వీర్రాజు కథ విని మా మనసులకే అలా అనిపించిందన్నాడు అల్లుడు. హాసినికి ఆ కథ చెప్పలేదు. తెలిసినా, ఆ పిల్ల ఊ అనదు, యా అంటుంది. ఎవరో దారిన పోయే జర్మను అనుకుందామా? దారి లేదు అక్కడ. చదువుకున్నవాళ్లు ముగ్గురు నలుగురికి చెప్పాను. అందరూ నాకే ఏదో అయిందన్నట్టు చూశారు. నాకేమీ కాలేదు. ఎరుపు ఎరుపే.

ఆ సాయంత్రం మా ఆయనకి ఫోను చేశాను. వీర్రాజు పేరు ఆయన దగ్గర ఎత్తి ముప్పై ఏళ్లు దాటింది. ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. ఆ రోజు మాత్రం చివరిదాకా విన్నారు.

"చుట్ట తీసి అన్నట్టుందా, పెట్టుకునే అన్నట్టుందా?" అని అడిగారు.

"పెట్టుకునేనండి."

సుత్తి కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"కిశోర్ ఆగాడా?"

"ఆగాడండి."

"వెంటనే ఆగాడా? కదిల్చి ఆగాడా?"

"చక్రం తిరగలేదు. ఇంజను ఆపి దిగాడు."

"దిగి చూశాడు."

"చూశాడండి."

"ఊ అంటే ఆగాడు" అన్నారు. అడగలేదు, తనకి తను చెప్పుకున్నారు. ఆ తర్వాత ఏడ్చారు. ఆయన ఏడ్చిన చప్పుడు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, వీర్రాజుని సందులోంచి బయటికి తీసిన రోజున కూడా.

నవంబరులో ఇంటికొచ్చాను. ఆయన ఇప్పుడు వీర్రాజు పేరెత్తితే లేచి వెళ్లరు. అతను ఏమేం తినేవాడో, ఎలా పోట్లాడేవాడో ఆయనే చెప్తున్నారు.

దెయ్యాలు లేవు. మొదట్లో రాసిన మాట మీదే ఉన్నాను. ఉంటే, ఆ రోజు సందులోకి వంగి అడిగినప్పుడు జవాబు చెప్పాలి కదా, చెప్పలేదు. మరి ఊ అన్నది ఎవరంటే నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. వినలేదని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు.

ఇప్పటికీ షెడ్డులో ట్రక్కు తగిలించేటప్పుడు ఆయన "ఉన్నావా?" అంటారు, నేను "లేను" అంటాను. ఆ తర్వాత ఇద్దరం ఒక్క క్షణం ఆగుతాం. ఇంకొకరు కూడా చెప్పాలి కదా.