మర్యాదకు మూడు ఊపులు

ఇసొబే కజుమాసను తలుచుకుంటే నాకు జాలికంటే ముందు కోపం వస్తుంది. పదకొండేళ్లు నా చేతి అన్నం తిన్నాడు. నేను వండిపెట్టే బేస్‌బాల్ జట్టు హాస్టల్‌లో కుర్రాళ్లు నాలుగైదేళ్లుంటారు, పెద్ద జట్టుకు ఎక్కుతారు, పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు. వీడు మాత్రం పద్దెనిమిదేళ్లకు వచ్చి, ఇరవై తొమ్మిదొచ్చినా రెండో జట్టులోనే, మేడమీద చివరి గదిలోనే ఉండిపోయాడు. కుర్రాళ్లు ఓనరన్నా అని పిలిచేవారు.

"ఓనరన్నా, మా గదులకి రంగులెప్పుడేయిస్తావ్?"

"నువ్వు ఖాళీ చేశాక వేయిస్తాలేరా," అని నవ్వేవాడు. వాళ్లు నిజంగానే ఖాళీ చేసి వెళ్లేవారు.

మధ్యలో రెండుసార్లు పెద్ద జట్టులోకి పిలిచారు. మొత్తం తొమ్మిదిసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క హిట్ లేదు, ప్రతిసారీ అవుటే. "ఒక్కటి చాలు పిన్నీ. నా పేరు పక్కన ఆ సున్నా పోతే, మా ఊళ్లో తలెత్తుకు తిరుగుతా," అనేవాడు. రోజూ వంటింటి వెనక షెడ్డులో చెయ్యి బొబ్బలెక్కేదాకా బ్యాట్ ఊపేవాడు. ఆ చప్పుడు వింటూనే నేను పదకొండేళ్లు బియ్యం కడిగాను.

ఇక షిరాతొరి గెన్‌పెయ్ సంగతి. అవతలి జట్టు పిచర్. ఇరవై ఏళ్లు బంతులేశాడు. పిల్లల టిఫిన్ డబ్బాల మీద ఆయన బొమ్మే, మంగలి షాపుల గోడల మీద ఆయన బొమ్మే. భుజానికి రెండుసార్లు ఆపరేషన్ అయ్యాక, ఆ శరదృతువులో ఇక చాలన్నాడు. ఆయన ఆఖరి ఆట మా జట్టుతోనే పడింది.

అలా వెళ్లిపోయే పెద్ద పిచర్ చివరిసారి ఒక్క బ్యాటర్‌కే బంతులేస్తాడు. ఆ బ్యాటర్ మూడు బంతులకూ గట్టిగా బ్యాట్ ఊపాలి, ఒక్కటీ తగలకూడదు, మూడూ తప్పితే అవుట్. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. కానీ మా మొదటి బ్యాటర్ ముకోదా ఆ ఏటి మేటి బ్యాటర్ బిరుదుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాడు. ఊరికే ఒకసారి అవుటైతే సగటు పడిపోయి బిరుదు చేజారిపోతుంది.

ఆటకు ముందురోజు కోచ్ నగుమో మా భోజనాల హాల్లోకి వచ్చాడు.

"ఇసొబే, రేపు పెద్ద జట్టుతో వెళ్తున్నావ్. మొదటి బ్యాటర్‌వి నువ్వే."

హాలంతా చప్పట్లు. నేనూ గరిటె పట్టుకునే కొట్టాను. కోచ్ ఆ చప్పట్లన్నీ అయ్యేదాకా ఆగాడు.

"షిరాతొరి గారికి మూడు ఊపేసి వచ్చెయ్. తర్వాత నీ బదులు ముకోదా దిగుతాడు. కాస్త నిజంలా ఊపు, జనం ఏడవాలి."

"నేనే ఎందుకండీ?"

"నీకు పోయేదేముందిరా?"

వెనక బల్ల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. తీసేసేవాళ్ల పేర్లు బయటికొచ్చేది ఆ వారమే.

మర్నాడు పొద్దున్నే ఇసొబే ఒక్కడే వంటింట్లోకి వచ్చాడు.

"పిన్నీ, ఇవాళ కొడతాను."

"చెంప పగలగొడతా. ఊరంతా ఆయన్ని సాగనంపడానికొస్తుంటే, మధ్యలో నీ గోలేంటి?"

"ఆయనకి ఇరవై ఏళ్లున్నాయి. నాకు ఈ ఒక్కసారే ఉంది."

గిన్నెలో వేడన్నం మీద ఇంకో గుడ్డు కొట్టి వేశాను. "సరే, తిని తగలడు. ఖాళీ కడుపుతో పాపం చేయకు," అన్నాను.

మధ్యాహ్నం కుర్రాళ్లతో కలిసి టీవీలో చూశాను. షిరాతొరి భుజంలో ఏమీ మిగల్లేదు. బంతి తిన్నగా, నెమ్మదిగా, సరిగ్గా మధ్యకు వచ్చింది. ఇసొబే ఊపాడు. తగల్లేదు. రెండో బంతికి మరీ తొందరపడ్డాడు. తలమీది హెల్మెట్ ఎగిరి కింద పడింది. మూడోసారి వాడి దవడ బిగుసుకోవడం చూశాను. షెడ్డులో రోజూ చూసిన దవడే అది. నటించేవాడు అలా పళ్లు బిగించడు. కొట్టరా, కొట్టి చావు అని లోపల అనుకున్నాను. బ్యాట్ గాలిలో గిర్రున తిరిగింది, అంతే.

మైదానమంతా లేచి నిలబడి ఏడ్చింది. షిరాతొరి వచ్చి ఇసొబే రెండు చేతులూ పట్టుకుని వంగి దణ్ణం పెట్టాడు. "ఎంత సంస్కారం! ఇంత సహజంగా ఊపినవాణ్ణి నేను చూడలేదు," అన్నాడు టీవీలో వ్యాఖ్యాత. పదకొండేళ్లలో టీవీలో వాణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడు భోజనాల దగ్గర కుర్రాళ్లు చుట్టుముట్టారు.

"ఓనరన్నా, ఏం యాక్షనయ్యా! హెల్మెట్ కూడా పడేశావ్!"

"నేను కొట్టాలనే ఊపానురా," అన్నాడు ఇసొబే.

పొట్టలు పట్టుకుని నవ్వారు. "చూడండ్రా, ఇంకా ఆపలేదు!"

వాడు నా వైపు చూశాడు. నిజం తెలిసింది నాకొక్కదానికే. అవునంటే, పాడైన భుజంతో వేసిన బంతిని కూడా కొట్టలేనివాడని అందరిలో తేలిపోతుంది. కాదంటే వాడు అబద్ధాలకోరు. పెనం మీద చేపను తిరగేశాను.

"పులుసు చల్లారిపోతోంది, తినండి," అన్నాను. ఆ మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండు రోజులకు వాణ్ణి తీసేశారు. వారం తిరక్కుండా షిరాతొరి మనుషులు ఫోన్ చేశారు. ఆయన ఊరూరా షాపింగ్ మాల్స్‌లో బంతులేసి చూపిస్తాడట. ఎదుట ఆ రోజు బ్యాటరే ఉంటే జనానికి బాగుంటుందట. ఇసొబే వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు, వాడికి వచ్చిన పని అదొక్కటే. ఐదేళ్లుగా అదే చేస్తున్నాడు.

మొన్న వసంతంలో మా చెల్లెలి ఊరు ఒకయామా వెళ్లినప్పుడు, అక్కడి మాల్‌లో వాళ్లిద్దర్నీ చూశాను. షిరాతొరికి పొట్ట వచ్చింది. చిన్నపిల్ల కూడా పట్టుకోగల బంతి వేశాడు. ఇసొబే బ్యాట్ సూటిగా బంతి మీదికే వెళ్లి, ఆఖరి క్షణంలో మణికట్టు దగ్గర ఒక్క వేలంత కిందికి దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు వాడు కొట్టగలడు. తగలకుండా ఉండడానికే కష్టపడుతున్నాడు.

నా పక్కన ఒకాయన పెళ్లాంతో గట్టిగానే అన్నాడు. "ఏంటే వీడు, మరీ యాక్షన్ చేస్తున్నాడు? ఆ రోజు టీవీలో ఎంత బాగా చేశాడు! అచ్చం కొట్టేవాడిలాగే ఉన్నాడు."

ఇసొబేకి వినపడింది. ఆయన వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు.

"క్షమించండి సార్. ఈసారి బాగా చేస్తాను."

రెండో బంతికి హెల్మెట్ కూడా కింద పడేశాడు. జనం చప్పట్లు కొట్టారు.