మేడమ్ దిద్దుకున్న తప్పు

కరోల్ బాగ్ సివిల్స్ కోచింగ్ సెంటర్లో మాకు ఎకనామిక్స్ చెప్పిన మేడమ్‌ది గుంటూరు వైపు. పాఠంలో ఎక్కడైనా పొరబడితే దాచుకునేవారు కాదు. "తప్పు నాది, కొట్టేసి రాసుకోండి" అనేవారు. విద్యార్థుల ముందు ఆ మాట అంత తేలిగ్గా అనగలిగిన టీచర్‌ని నేను మళ్లీ చూడలేదు.

ప్రిలిమ్స్‌కు ముందురోజు సాయంత్రం ఆమె మోకాళ్ల నొప్పితోనే నాలుగంతస్తులు ఎక్కి మా గదికి వచ్చారు.

"స్టాక్ మార్కెట్ సూచీలో ఒక్కో కంపెనీ వెయిటేజీ దాని మొత్తం షేర్ల విలువను బట్టి ఉంటుందని చెప్పాను కదమ్మా. అది కాదు. జనం మార్కెట్లో కొని అమ్ముకోగలిగే షేర్ల విలువనే చూస్తారు. యజమానులు అట్టిపెట్టుకున్నవి లెక్కలోకి రావు. తప్పు నాది, కొట్టేసి రాసుకో."

"మెసేజ్ పెడితే సరిపోయేది కదా మేడమ్?"

"ఇవాళ ఫోన్లు ఆపేయమన్నది నేనేగా."

మంచినీళ్లు తాగి, పక్క వీధిలో మా క్లాసు వాళ్లు ఇంకొందరుండే హాస్టల్‌కు బయల్దేరారు.

మర్నాడు పరీక్షలో ఆ ప్రశ్న రానే లేదు. ఆమె పడిన శ్రమంతా వృథా అయిందే అని నొచ్చుకుంటూనే, సాయంత్రం కలిసి ఆ సంగతి చెప్పాను. మేడమ్ ముఖం తేటపడింది.

"హమ్మయ్య. నిన్న ఇద్దరు నాకు దొరకలేదమ్మా" అన్నారు.