డావెన్‌పోర్ట్ కాకస్ రోజున నేను మార్చి అడిగిన ప్రశ్న

అయోవా కాకస్ చూడనివాడు అమెరికా ఎన్నికల గురించి మాట్లాడకూడదని మా ఆఫీసులో ఒకాయన నాలుగేళ్ళకోసారి ఊదరగొడుతుంటాడు. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పోటీ ఊపందుకునేది అక్కడే. మన దగ్గరలా లోపలికి వెళ్ళి మీట నొక్కి రావడం కాదు. చలికాలం సాయంత్రం పేటలోని వాళ్ళంతా ఒక స్కూల్లో చేరతారు, ఒక్కో అభ్యర్థి తరఫున ఎవరో ఒకరు లేచి మాట్లాడతారు, అది విన్నాక చీటీ మీద పేరు రాసి వేస్తారు. నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో నిలబడి జుట్టు నెరిసిపోతున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా చికాగో పక్కన నేనుండే షామ్‌బర్గ్ నుంచి మూడు గంటల దూరమే కదా, మంచి బ్లాగ్ పోస్ట్ ఒకటి వస్తుంది కదా అని ఆశపడ్డాను. పోస్ట్ వచ్చింది. కానీ రాయడానికి మొహం చెల్లక చాలా రోజులు పక్కన పెట్టేశాను.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం శాంతక్క ఫోన్. నేను అమెరికా వచ్చిన కొత్తలో మోలీన్‌లో ప్రాజెక్ట్ చేస్తూ, నది అవతల అయోవా వైపున్న డావెన్‌పోర్ట్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఏడాదిపాటు అద్దెకున్నాను. అక్క నర్సు. వాళ్ళమ్మ రాహేలమ్మ ఆంటీ చీరాల దగ్గర ఒక చిన్న చర్చిలో ఏళ్ళ తరబడి సండే స్కూల్ నడిపిన మనిషి. ఆ ఏడాదంతా నాకు వేళకు అన్నం పెట్టింది ఆవిడే. “శ్రీధర్, సోమవారం లీవ్ పెట్టగలవా? సిటిజన్‌షిప్ వచ్చాక అమ్మకిదే ఫస్ట్ ఓటు. నాకేమో షిఫ్ట్ మార్చనంటున్నారు. పక్కనుండి ఇంగ్లీష్ చెప్పేవాళ్ళు ఒకరు కావాలి,” అంది అక్క. అక్క పనిచేసే ఆసుపత్రిని ఆ ముందు ఏడాది వేరే కంపెనీ కొని సగంమంది నర్సుల్ని తీసేసింది. అందులో తనూ ఉంది. ఇప్పుడు గంట దూరంలో ఇంకో చోట సాయంత్రం షిఫ్ట్ చేస్తోంది.

ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాను. 290, 355 హైవేలు దాటి 88 పడమర పట్టుకుంటే ఇక దారి వెతుక్కునే పనే ఉండదు. కారుకి ఐ-పాస్ ట్యాగ్ ఉంటే టోల్ పది డాలర్లలోపే అవుతుంది. డికాల్బ్ దగ్గర కాఫీకి ఆగండి, ఆ తర్వాత చాలాసేపు మంచు కప్పిన మొక్కజొన్న పొలాలు తప్ప ఏమీ కనిపించవు. 88 అయిపోయి 80 ఎక్కాక మిసిసిపీ వంతెన వస్తుంది. నది మీద మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. ఫొటో తీయాలనిపిస్తే వంతెన మీద కాదు, దిగగానే వచ్చే ల క్లేర్ ఊళ్ళో ఒడ్డున ఆపుకోండి.

ఆంటీ గోంగూర, రొయ్యల వేపుడు చేసి ఎదురుచూస్తోంది. నేను ముద్ద కలిపేశాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ప్రార్థన కానిదే తినరని. చెయ్యి కంచంలోనే పెట్టుకుని తల వంచాను. తింటూ, ఎవరికి వేస్తారని అడిగాను. పోటీలో అరడజను మంది ఉన్నా ఆ చుట్టుపక్కల మాట ఇద్దరి గురించే. ఒకాయన పాస్టర్‌గా పనిచేసినవాడు. ఇంకొకాయన కంపెనీలు కొని, నిలబెట్టి, అమ్మి పేరు తెచ్చుకున్న వ్యాపారి. చర్చికి వెళ్తాడు గానీ ఆ సంగతి పెద్దగా చెప్పుకోడు.

“అదే తేలట్లేదు బాబూ,” అంది ఆంటీ. “పాస్టర్ అయ్యగారు దేవుని మనిషే. కానీ ప్రార్థన బాగా చేసేవాళ్ళందరికీ పని చేతనవదు గదా, మా సంఘంలోనే చూశా. వ్యాపారం చేసినాయనకి పని తెలుసు. మరి ఆయన లోపల భయభక్తులున్నాయో లేదో ఎట్లా తెలుస్తది?”

“ఆయన మధ్యాహ్నం ఇక్కడికే వస్తున్నాడంట ఆంటీ. మీరే అడగండి,” అన్నాను హుషారుగా. ఆ హుషారుకి కారణం చెప్పాలి. ఆ వ్యాపారి మాలాంటి వాళ్ళ గ్రీన్‌కార్డ్ లైన్ తగ్గిస్తానని రెండు మూడు సభల్లో అన్నాడు. ఆయన గెలవాలని నాకు లోలోపల బాగానే ఉంది.

ఆయన వచ్చేది ఊరి చివర చిన్న హోటల్ లాంటి ఒక డైనర్‌కి. రెండింటికి మీటింగ్ అంటే ఒంటిగంటకే వెళ్ళాలి, లేకపోతే కుర్చీ దొరకదు. ఇద్దరికీ కాఫీ, ఒక యాపిల్ పై కలిపి పదిహేను డాలర్లలోపే అయ్యాయి. వడ్డించే ఆవిడ పళ్ళెం పెడుతూ, “ఈ నెలలో అందరూ మా దగ్గరికి వస్తారు. ఫిబ్రవరిలో ఒక్కరూ రారు,” అని నవ్వింది. ఆంటీ వెళ్ళే చర్చిలోనే ఉండే డయాన్ కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం ఆంటీ వాళ్ళ పేట కాకస్ నడిపేది ఆవిడే.

వ్యాపారి వచ్చి పావుగంట మాట్లాడి, ప్రశ్నలుంటే అడగమన్నాడు. ఆంటీ చెయ్యెత్తింది. గదిలో చీర మీద కోటు వేసుకున్నది ఆవిడ ఒక్కతే కాబట్టి మైకు నేరుగా మా దగ్గరికే వచ్చింది. ఆవిడ లేచి నిలబడి తెలుగులో నిదానంగా అడిగింది.

“అయ్యా, మీరు కంపెనీలు కొన్నప్పుడు మనుషుల్ని తీసేశారంట. మా అమ్మాయిని కూడా అట్లాగే తీసేశారు. తీసేసినాయన ‘మీ కోసం ప్రార్థన చేస్తా’ అన్నాడంట. తీసేశాక ప్రార్థన ఎవరైనా చేస్తారు. మీరు తీసేసే ముందు చేశారా? చేస్తే దేవుడేమన్నాడు?”

మైకు నా చేతికొచ్చింది. గదంతా నన్నే చూస్తోంది, కెమెరాలు రెండు ఇటు తిరిగాయి. ఇంతమంది ముందు ఇదేం ప్రశ్న అని కంగారుపడ్డాను. ఒక ముసలావిడ అమాయకంగా ఏదో అడిగిందని వీళ్ళు నవ్వుకుంటారేమో అనిపించింది. అంతకంటే లోపల ఇంకోటి కూడా అనిపించింది. దీనికి ఆయన తడబడితే? నేను ఇంగ్లీషులో ఇలా అన్నాను. “ఆంటీగారు మొదటిసారి ఓటు వేస్తున్నారు. వ్యాపారంలో మీకున్న అనుభవం ఉద్యోగాలు పెంచడానికి ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకోవాలనుకుంటున్నారు.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. తన ఫ్యాక్టరీల గురించి, ఇచ్చిన ఉద్యోగాల గురించి గడగడా చెప్పి, దగ్గరికొచ్చి ఆంటీ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఏమన్నాడు బాబూ?” అంది ఆంటీ, కూర్చోగానే.

ఒక అబద్ధంతో ఆగుతుందనుకున్నాను. “చేశానన్నాడు ఆంటీ. ప్రతిసారీ చేశాకే తీసేశానన్నాడు.”

“దేవుడేమన్నాడంట?”

“కొన్నిసార్లు వద్దన్నాడంట. అప్పుడు ఆపేశాడంట.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను యాపిల్ పై ముక్క నోట్లో పెట్టుకున్నాను.

కాకస్ ఏడింటికి, దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్ జిమ్‌లో, అంటే పిల్లలు ఆటలాడే పెద్ద హాల్లో. ఐడీ, అడ్రస్ చూపిస్తే పార్టీలో పేరు అక్కడే నమోదు చేస్తారు. నాలాంటి చూడ్డానికొచ్చిన వాళ్ళకు గోడ పక్కన కుర్చీలు వేశారు. సహాయానికి వచ్చానని చెబితే డయాన్ నన్ను ఆంటీ పక్కనే కూర్చోనిచ్చింది. జెండాకి వందనం, చిన్న ప్రార్థన అయ్యాక పాస్టర్ తరఫున ఒకాయన లేచి చక్కగా మాట్లాడాడు. తర్వాత వ్యాపారి తరఫున ఎవరైనా మాట్లాడతారా అని డయాన్ అడిగింది. రావాల్సిన మనిషి మంచులో ఎక్కడో చిక్కుకుపోయాడట. నా పక్కన కుర్చీ కదిలింది. చూస్తే ఆంటీ లేచి నిలబడి ఉంది.

తెలుగు చర్చిలకు వెళ్ళినవాళ్ళకు తెలుసు, సాక్ష్యం అనేది ఒకటుంటుంది. తమకు ఒక మేలు జరిగినా, ఒక సంగతి కళ్ళారా తెలిసినా సంఘం ముందు లేచి చెబుతారు. చెప్పకుండా దాచుకోవడం తప్పుగా చూస్తారు. క్రిస్మస్‌కి వాళ్ళతో వెళ్ళినప్పుడు ఆంటీ అలా చెప్పడం నేనే విన్నాను. అయినా నేను చెప్పిన మాట ఆవిడ దగ్గరే ఆగిపోతుందనుకున్నాను. అంత తెలివితక్కువగా ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ నావైపు చూడలేదు. తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. “మై నేమ్ రాహేల్. టుడే ఐ ఆస్క్ హిమ్. బిఫోర్ యూ రిమూవ్ పీపుల్, యూ ప్రే? హీ సే యెస్. సమ్‌టైమ్ గాడ్ సే నో. హీ స్టాప్. మై డాటర్ బాస్, నో స్టాప్. దిస్ మ్యాన్ స్టాప్.”

డైనర్‌లో మా పక్కనే కూర్చున్న డయాన్ నావైపు చూసింది. నేను నేల వైపు చూశాను. వెనక వరుసలో, పని బట్టల్లోనే వచ్చిన ఒకాయన, “నాకిది చాలు,” అని పక్కవాళ్ళతో అని చీటీ మీద ఏదో రాశాడు. అప్పుడైనా నేను లేచి ఉండాల్సింది. చీటీల పెట్టె వరుసల మధ్య తిరిగి వచ్చేదాకా చాలా సమయం ఉంది. లేవకుండా కూర్చుండిపోయాను. లెక్కపెట్టాక మా జిమ్‌లో వ్యాపారికే ఎక్కువ వచ్చాయి.

బయట కారు అద్దం మీద మంచు గీకి లోపల కూర్చుంటే, ఆంటీ సీట్ బెల్ట్ పెట్టుకుంటూ అంది, “ఇంటికెళ్ళి శాంతకి చెప్పాలి బాబూ. ఆ ఉద్యోగం పోయినకాడ్నుంచి అది చర్చికి రావట్లేదు. ప్రార్థన చేసేవాళ్ళంతా ఇంతే అంటది. ఇట్లాంటాయన కూడా ఉన్నాడని తెలిస్తే దాని మనసు కుదుటపడుద్ది.”

అది విన్నాక ఇక మోయలేకపోయాను. “ఆయన ఆ మాట అనలేదు ఆంటీ.”

“ఏ మాట?”

“ప్రార్థన సంగతి. మీరడిగింది నేను అడగనేలేదు. వేరేది అడిగాను. జవాబు కూడా నేనే చెప్పాను.”

తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండును అనుకున్నాను. “చీటీ వెనక్కిస్తారా?” అంది.

“ఇవ్వరు ఆంటీ.”

బెల్ట్ తీసేసింది. “పద లోపలికి.”

“ఇప్పుడెందుకు ఆంటీ, అందరూ వెళ్ళిపోతున్నారు.”

“సాక్ష్యం తప్పయితే చెప్పిన చోటే చెప్పాలి. ఉన్నవాళ్ళకే చెబుదాం.”

లోపల కుర్చీలు మడిచి పేరుస్తున్నారు. డయాన్, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. పని బట్టల ఆయన కూడా ఉన్నాడు. ఆంటీ ఇందాక నిలబడిన చోటికే వెళ్ళి నిలబడి, నన్ను తన పక్కకి పిలిచింది. “ఈసారి నేను చెప్పిందే చెప్పు. నువ్వు ఒక్క ముక్క కలపొద్దు.” తర్వాత వాళ్ళ వైపు తిరిగింది.

“ఇందాక నేను చెప్పింది నిజం కాదు. ఆయన అట్లా అనలేదు. నాకు ఇంగ్లీష్ రాకపోబట్టి ఈ తప్పు జరిగింది. మీరంతా నన్ను క్షమించాలి.”

ఒక్కో వాక్యం చెప్పాను. మూడో వాక్యం దగ్గరికొచ్చేసరికి, తప్పు ఆవిడది కాదు, నాది అని ఇంగ్లీషులో అక్కడే అనడానికి నోటిదాకా వచ్చింది. కానీ ఒక్క ముక్క కలపొద్దని ఆవిడ చెప్పింది. ఆవిడ మాటను ఉన్నదున్నట్టు చెప్పడం ఆ రోజు మొత్తంలో అదే మొదటిసారి. నా పేరు ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూశాను. చెప్పలేదు.

పని బట్టల ఆయన చేతిలో కుర్చీతో అలాగే నిలబడి, “నేను వేసేశానమ్మా,” అన్నాడు మెల్లగా. ఆంటీకి అది నేను చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. తల వంచుకుంది.

డయాన్ నా దగ్గరికొచ్చి, “ఆవిడ నిజంగా ఏం అడిగింది?” అంది. చెప్పాను, ఈసారి పూర్తిగా. ఆవిడ, “ఆయనేమనేవాడో వినాలని ఉంది,” అంది. నాకూ వినాలనే ఉంది. ఆ జవాబు ఇక ఎవరికీ తెలియదు.

ఇంటి దగ్గర దింపాక ఆంటీ ఫ్రిజ్‌లోంచి గోంగూర డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. ఎప్పుడూ గుమ్మం దాకా వచ్చి, చేరగానే ఫోన్ చెయ్యమనేది. ఆ రోజు ఆ మాట అనలేదు. షామ్‌బర్గ్ చేరాక నేనే చేశాను, ఎత్తలేదు. మర్నాడు శాంతక్కకి మొత్తం చెప్పాను. “అమ్మకి నువ్వు చేసినదానికంటే, తన మాట మీద వాళ్ళు ఓటేశారనేదే ఎక్కువ బాధ,” అని ఫోన్ పెట్టేసింది.

దేవుణ్ణి చూసి ఓటేసేవాళ్ళు వెనకబడినవాళ్ళని, లెక్కలు చూసి వేసేవాళ్ళు తెలివైనవాళ్ళని నేను ఎంతోకాలంగా అనుకుంటూ వచ్చాను. ఆ గదిలో ఆ రెండింటినీ కలిపి అడగగలిగింది ఒక్క రాహేలమ్మ ఆంటీయే. దాన్ని నేను నా గ్రీన్‌కార్డ్ కోసం, నా పరువు కోసం మింగేశాను. సిగ్గుగా ఉంది. ఆ డబ్బా ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది, తినబుద్ధి కావడం లేదు.

ఇలాంటి సభకి ఇంగ్లీష్ సరిగా రాని పెద్దవాళ్ళను తీసుకెళ్తున్నవాళ్ళకి ఒక్క సలహా. మైకు మీరు తీసుకోకండి. ప్రశ్నను ముందే ఇంట్లో కూర్చుని పెద్ద అక్షరాల్లో తెలుగు లిపిలోనే ఇంగ్లీషు రాసిచ్చి, వాళ్ళనే అడగనివ్వండి. ఎవరూ నవ్వరు. ఆంటీకొచ్చిన ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ జిమ్‌లో అందరికీ అర్థమయ్యాయి.