శుభ్రం చేసిన గొంతు

మధ్యాహ్నం మూడూ ఇరవైకి మా బామ్మర్ది కారు గల్లీ మొదట్లో ఆగింది. లోపలికి పట్టదు కాబట్టి అక్కడే ఆగింది. డ్రైవరూ అతనూ చెరో పక్క పట్టుకుని ఒక అట్టపెట్టె మోసుకొచ్చారు. మా ముందుగదిలో అప్పుడు ఏడుగురు ఆడవాళ్ళు నేలమీద కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తున్నారు. పెట్టె దించడానికి చోటు కోసం నలుగురు తమ చీరలు మడుచుకుని లేవాల్సి వచ్చింది.

"ఏంది సారూ, ఫ్రిజ్జా?" అని అడిగింది అందరిలోకి పెద్దావిడ.

"ఫ్రిజ్ కాదు పెద్దమ్మా, డిస్క్ ప్లేయర్," అన్నాడు మా బామ్మర్ది ఆయాసపడుతూ. "అక్క గొంతు ఇగ దీంట్ల వినుండ్రి."

నా భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

మాది సూరత్‌లో లింబాయత్. చుట్టుపక్కల ఇళ్ళలో మగవాళ్ళు మరమగ్గాల మీద పనిచేస్తారు. ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకున్న చీరలకు జిగురుతో చిన్న చిన్న మెరుపు రాళ్ళు అంటిస్తారు. నేను మునిసిపల్ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా భార్యకు ఉద్యోగం లేదు. మధ్యాహ్నం పూట ఈ ఆడవాళ్ళకు నవలలు పైకి చదివి వినిపించేది. వాళ్ళు చీర మీది నుంచి కళ్ళు తీయలేరు. తీసినా చాలామందికి తెలుగు చదవడం రాదు, గుజరాతీ బళ్ళలో నాలుగైదు క్లాసులు చదివినవాళ్ళు. ఆమె పాత్రలకు గొంతు మార్చేది కాదు, ఏడ్చే చోట ఏడుపు పెట్టేది కాదు. రాసినది రాసినట్టు చదివేది. వినేవాళ్ళు ఊరుకునేవారు కాదు. పాత్రలను తిట్టేవారు, అడ్డం తగిలేవారు. ఆమె ఆగి, విని, జవాబు చెప్పి, మళ్ళీ అందుకునేది. పంతొమ్మిదేళ్ళు అలా జరిగింది.

ఎవరైనా పెళ్ళికో కాన్పుకో ఊరికి వెళితే ఆ రోజుల కథ వాళ్ళకు పోతుందని ఒక చిన్న రికార్డర్ కొనుక్కుంది. చదువుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టేది. మూలమీది షాపువాడు వాటిని డిస్కుల్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ షాపు మూతపడ్డాక పెన్‌డ్రైవ్‌లోకి తనే ఎక్కించడం నేర్చుకుంది. ఆమె పోయాక కూడా ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. టీవీ కింద ఉన్న పాత ప్లేయర్లో డిస్కులు వేసుకుని వినేవారు. కొన్నాళ్ళకు ఆ ప్లేయర్ పళ్ళెం బయటికి రావడం మానేసింది. జిగురు చేతులతో పట్టుకుని పట్టుకుని డిస్కులు కూడా అప్పటికే పాడయ్యాయి. మిగిలింది పెన్‌డ్రైవ్. అందులో ఉన్నది ఆమె చదివిన ఆఖరి నవల.

ఆ నవలలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక బావి పంపకం దగ్గర తగువు పడి ఇరవై ఏళ్ళు మాట్లాడుకోరు. చెల్లెలు మంచాన పడుతుంది. అక్క ఆ గడప తొక్కుతుందా లేదా అన్నదగ్గర కథ ఉండగా పెద్దావిడ మనవరాలి కాన్పుకు సిరిసిల్ల వెళ్ళింది. చివరి మూడు రోజుల చదువు వినలేదు. ఆమె తిరిగొచ్చేసరికి నా భార్య ఆస్పత్రిలో ఉంది.

"నేను చదివి వినిపిస్తాను," అని ఒకసారి అన్నాను.

"వద్దు సారూ. నువ్వు చదివితే అయినంక బడిల లెక్క ప్రశ్నలడుగుతవేమో అని భయమైతది."

"చెప్పాల్నా, వదినా? అక్క పోయిందా లేదా?" అని మిగతావాళ్ళు ఆమెను ఏడిపించేవారు.

"చెప్పినవంటె నీ నోట్ల గమ్ము వోస్త. నేను చదివిన ఆమె నోటనే వింట."

మా బామ్మర్ది తెచ్చిన యంత్రం అందుకోసం. అతను హజీరాలో పెద్ద కంపెనీలో మేనేజరు. వినడం అతనికి హాబీ. పాటలు కాదు, యంత్రాలను వింటాడు. కొత్త ప్లేయర్ కొన్నాక పాతది మాకు తెచ్చాడు, దాంతోబాటు రెండు స్పీకర్లు. దాని ధర ఒక మగ్గం ఖరీదంత అని మాటల్లో రెండుసార్లు చెప్పాడు.

ముందు తన డిస్క్ ఒకటి వేశాడు. అందులో పాట లేదు. ఒక గాజు గ్లాసు పగులుతుంది. ఎక్కడో తలుపు మూసుకుంటుంది. తర్వాత డప్పులాంటిది చాలాసేపు మోగుతుంది.

"గ్లాస్ ఎడమదిక్కు పగిలింది, విన్నరా?"

"పగిలితే పగిలింది. ఎవలు ఊడుస్తరు?" అంది గుమ్మం దగ్గర కూర్చున్నామె.

తర్వాత పెన్‌డ్రైవ్ తీసుకుని ముందున్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాడు. నా భార్య ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెట్టింది, నవల పేరూ ఎన్నో రోజో. తెరమీద ఒక్క అక్షరమూ రాలేదు. అక్షరానికొక చిన్న గడి, గడులు వరుసలు వరుసలుగా దిగాయి. మొదటి వరుస నొక్కితే ఇంగ్లీషులో రెండు మాటలు వచ్చాయి, దీన్ని వినిపించలేనని.

"దీనికి తెలుగు రాదా?" అంది పెద్దావిడ.

"రాదు పెద్దమ్మా."

"గుజరాతీ?"

"అది గూడ రాదు."

"మరి సూరత్ల ఎట్ల బతుకుతది?"

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. వెనక ఇంకో యూఎస్‌బీ ఉందని యంత్రాన్ని తిప్పాడు. వెనకవైపు నేను అంతవరకు చూడలేదు. చదరంగా ఒకటి, గుండ్రంగా రెండు, మూడేసి సూదులున్నవి రెండు, ఎర్రటి వెలుగు వచ్చేదొకటి, ఇంటర్నెట్ తీగకు ఒకటి. రెండేళ్ళలో వీటిలో ఎన్ని వాడావని అడిగాను. రెండు అన్నాడు. మిగతావి ఎందుకు అంటే, "కనెక్టివిటీ బావా," అన్నాడు. ఆ వెనకున్న యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌కు కాదట, కంప్యూటర్‌కట. కంప్యూటర్లోంచి వచ్చేదాన్ని ఇది ఇంకా బాగా వినిపిస్తుందట. పేరు ఒకటే, రంధ్రాలు వేరు, ఒకదాని పని ఇంకొకటి చేయదు. దేనితోనూ సరిగా కలవని వస్తువుల మీదే కనెక్టివిటీ అన్న మాట రాస్తారని ఆ రోజు నాకు అర్థమైంది. తర్వాత ఎన్ని వస్తువులు చూసినా ఆ అభిప్రాయం మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

తర్వాతి ఆదివారం ఒక తీగ తెచ్చాడు, దాంతోనూ పని కాలేదు. ఆ తర్వాతి ఆదివారం తన ఫోనుతో ఇంటర్నెట్ ఇచ్చి, యంత్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. నలభై నిమిషాలు తెరమీద ఒక గీత నిండుతూ పోయింది. ఆడవాళ్ళు ఒక్కో చీర పూర్తిచేసి మడత పెట్టారు. అయ్యాక మళ్ళీ అవే గడులు, అవే రెండు మాటలు.

చివరికి యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచాడు. తొమ్మిది భాషల పుస్తకం, మన దేశపు భాష ఒక్కటీ లేదు. సంగతి ఇది. నా భార్య రికార్డర్ మాటల కోసం చేసిన చవక వస్తువు. ధ్వనిని అది చిన్నగా, తక్కువ చోటులో రాసుకుంటుంది. ఈ యంత్రం ఒక స్థాయికి పైన ఉన్న ధ్వనినే తీసుకుంటుంది. పైకి ఎంత దూరమైనా పోతుంది, మనిషి చెవికి అందని చోటికి కూడా పోతుంది. కిందికి మాత్రం ఒక్క మెట్టు దిగదు. దీన్ని లోపంగా ఎవరూ రాయలేదు. గొప్పల పట్టికలోనే రాశారు. ఒక మనిషి గది మధ్యలో కూర్చుని పుస్తకం చదివితే, అది వినడం తన స్థాయికి తగదనే వస్తువును తయారుచేసి, దానికి నల్లరంగు వేసి, ముందు ఒకే ఒక్క గుండీ పెట్టి అమ్ముతారు. కొనేవాళ్ళు ఆ గుండీని ఒక వేలితో తిప్పి చూసి తృప్తి పడతారు.

టీ బండి దగ్గర అరచేతిలో పట్టే స్పీకర్ డబ్బా ఒకటి రోజంతా మోగుతూ ఉంటుంది. ఆ పెన్‌డ్రైవ్ దానికి పెడితే ఆ రోజే పలికేది. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. నేనే పక్కన పెట్టాను. మగ్గాల మధ్య బతికినవాళ్ళకు చెవులు మందం, పెద్ద స్పీకర్లు కావాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఖరీదైన దాంట్లో ఆమె గొంతు ఇంకా దగ్గరగా వినిపిస్తుందేమోనన్న ఆశ. ఈ ఆశ మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తుంది. ముప్పై ఏళ్ళు పుస్తకాలు చదివినవాణ్ణి, నేనూ అందులో పడ్డాను.

"పెన్‌డ్రైవ్ ఇయ్యి బావా," అన్నాడు మా బామ్మర్ది. "నేను కన్వర్ట్ చేసి తెస్త. వారం రోజులు."

ఇచ్చాను.

అతనూ అక్కను పోగొట్టుకున్నవాడే. ఆస్పత్రి రోజుల్లో హజీరా నుంచి రోజూ వచ్చేవాడు, మందుల చీటీలు పట్టుకుని మెట్లమీద కూర్చునేవాడు. ఇది రాయకపోతే అన్యాయం. కానీ అతనికి దుఃఖం వస్తే ఏదో ఒక సామాను విప్పి బాగుచేయాలి. బాగుచేయడానికి ఏమీ లేని చోట కూడా.

చెప్పిన రోజుకే వచ్చాడు. మొహం వెలుగుతోంది. యంత్రం పెన్‌డ్రైవ్‌ను వెంటనే ఒప్పుకుంది. ఫైళ్ళకు ఇంగ్లీషు పేర్లు పెట్టాడు. పెద్దావిడ ఆ రోజు పని తెచ్చుకోలేదు, చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"చివరి మూడు రోజులు పెట్టు బిడ్డా. నడుమల ఎవ్వలు మాట్లాడినా ఊకోను."

నా భార్య గొంతు వచ్చింది. బాగుందని ఒప్పుకోవాలి. కాగితం తిప్పిన చప్పుడు కూడా విడిగా తెలిసింది. పక్క కార్ఖానా మగ్గాల మోత లేదు, ఫ్యాను లేదు. ఒక గంట అలా సాగింది. మా బామ్మర్ది కాసేపుండి, మా మొహాలు చూసుకుని, డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు.

అక్క చెల్లెలి గడప దగ్గర నిలబడే చోటు వచ్చింది. గడప తొక్కింది. నా భార్య చదవడం ఆపింది. ఆ రోజు నేను లోపలి గదిలో ఉన్నాను, నాకు తెలుసు. ఆ చోట ఆరుగురు ఆడవాళ్ళు ఏడ్చారు, ఒకామె పైకే ఏడ్చింది. ఇప్పుడు స్పీకర్లలో ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా భార్య అంది:

"జర ఆగుండ్రి. కండ్లు తుడుసుకోండ్రి. నీళ్ళు పడితే రాయి నిలువది."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో ఇంకెవరూ నవ్వలేదు.

"ఏమంటవు పిల్లా? నీకు కోపమొచ్చిందా ఆ అక్క మీద?"

ఏమీ లేదు.

"ఆఁ, అట్లనే గదా మరి," అని మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

పెద్దావిడ గోడ నుంచి లేచి కూర్చుంది. "ఎవలతోని మాట్లాడుతున్నది?"

"మాతోనే," అంది గుమ్మం దగ్గరామె.

"మీరేరి మరి?"

కథ ముందుకు పోతోంది, ఎవరూ వినడం లేదు.

"మేమందరం ఉన్నం వదినా, ఒట్టు. నేనైతే ఎక్కెక్కి ఏడ్సిన."

"ఉన్నరు. ఉన్నరని నాకెర్కలేదా?" అంది పెద్దావిడ. నావైపు తిరిగింది. "పాపం, ఒక్కతే కూసోని మాట్లాడుకున్నట్టున్నది గదా సారూ. గింతమంది ఉండంగ."

నేను లేచి ఆ గుండీ నొక్కాను.

అప్పటికప్పుడు మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

"నాయిస్ మొత్తం తీసేసిన బావా. సాఫ్ట్‌వేర్ ఉంది దానికి. మెయిన్ వాయిస్ ఒక్కటే ఉంచుతది."

"అవి మనుషుల మాటలు."

"సాఫ్ట్‌వేర్‌కు ఎట్ల తెలుస్తది బావా?"

"నీకు?"

పాతవి తెచ్చి ఇవ్వమన్నాను. లేవన్నాడు. పెన్‌డ్రైవ్‌ను ఆ యంత్రం చదవాలంటే మొత్తం తుడిచి దానికి నచ్చిన పద్ధతిలో మళ్ళీ సిద్ధం చేయాలట, అలా చేశాడు. తన కంప్యూటర్లో శుభ్రం చేసినవాటిని పాతవాటి మీదే దాచాడు. రికార్డర్‌లో ఏమీ లేదు. నిండినప్పుడల్లా నా భార్య ఖాళీ చేసుకునేది. రింగ్ రోడ్డులో, చెరిగిపోయిన ఫైళ్ళు వెతికిపెట్టే షాపులో చూపించాను. ఒకదాని మీద ఇంకొకటి రాస్తే కిందిది దొరకదని షాపతను హిందీలో నాకు నెమ్మదిగా చెప్పాడు, ఇలాంటివి రోజూ చెప్పేవాడిలా.

మర్నాడు పెద్దావిడ మామూలు వేళకే వచ్చింది. చీర పరుచుకుని కూర్చుంది. చాలాసేపటికి అంది:

"అక్క గడప తొక్కింది, విన్న. అది చాలు. ఇగ పెట్టకు సారూ. ఆమెను గట్ల ఒక్కదాన్ని కూసోబెట్టకు."

పెట్టలేదు. కొన్ని వారాలు ఆడవాళ్ళు వచ్చి ఊరికే పని చేసుకుని వెళ్ళారు. మాటలు తక్కువగా ఉండేవి. ఒకామె ఇల్లు అమ్రోలికి మారింది. ఇద్దరు ఇంటి దగ్గరే చేసుకుంటామన్నారు, చీరలు మోయడం దండగని. నేను ఎవరినీ ఉండమనలేదు. మా బామ్మర్ది ఇప్పటికీ వస్తాడు. యంత్రాన్ని తీసుకుపొమ్మంటే, ఉంచుకో బావా, ఇంకో అప్‌డేట్ వస్తుందంటాడు. పెద్దావిడ అందరికన్నా ఆఖరున మానేసింది.

మా ముందుగదిలో ఇప్పుడు పుస్తకం పైకి చదివేవాళ్ళూ లేరు, వినేవాళ్ళూ లేరు.