తాబేలు డొప్ప మీద తెల్లమరక

మా తాబేలు దీపాన్ని ఎవరో ఆర్పేస్తున్నారని నాకు అనుమానం వచ్చింది డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు. ఎవరో అంటున్నాను గానీ, ఆ రోజే డైరీలో నానమ్మ అని రాసుకున్నాను. అమ్మ బడిలో పాఠాలు చెప్పడానికి, నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా పనికి, నేను కాలేజీకి వెళ్ళిపోతే అనకాపల్లిలోని ఆ అద్దె ఇంట్లో పగలంతా మిగిలేది ఆవిడ ఒక్కతే.

తాబేలుని మావయ్య విశాఖపట్నంలో చేపల తొట్టెలు అమ్మే కొట్లో తొట్టెతో సహా కొని తెచ్చాడు. చెవుల దగ్గర ఎర్రటి చారలు, అరచేతిలో పట్టేంత ఒళ్ళు. నేను ఎక్కువ మాట్లాడనని దానికి నన్ను తోడిచ్చాడో, నాకు దాన్ని తోడిచ్చాడో తెలియదు. నెల తిరిగేసరికి డొప్ప అంచులు వేలితో నొక్కితే లోపలికి వంగడం మొదలైంది. అది మంచిది కాదని నాకే అనిపించి, మెయిన్ రోడ్డులోని నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఎవరూ చూడకుండా మూల కంప్యూటర్ ముందు కూర్చుని, చదివిందంతా డైరీలోకి ఎత్తి రాసుకున్నాను. నీటి తాబేలుకి రోజూ కొన్ని గంటలు ఒంటిని ఆరబెట్టుకునే పొడి చోటు కావాలి. ఆ చోటు మీద వెచ్చని బల్బు ఉండాలి. దాంతోపాటు ఎండలోని బలాన్నిచ్చే ప్రత్యేకమైన ట్యూబులైటు కూడా ఉండాలి. అవి లేకపోతే డొప్ప మెత్తబడిపోయి తాబేలు బతకదు.

ట్యూబు మావయ్యే తెచ్చి తొట్టె పైన బిగించిపెట్టాడు. పెరట్లో పడి ఉన్న బంగాళా పెంకు ముక్క కడిగి, రెండు ఇటుకల మీద ఏటవాలుగా ఆన్చాను. కింది అంచు నీళ్ళలో, పై అంచు పొడిగా. నా టేబుల్ లైటు మెడ వంచి పెంకుకి జానెడు ఎత్తున నిలబెట్టాను. అరగంటాగి పెంకు మీద చెయ్యి పెట్టి చూస్తే, అప్పుడే దించిన కాఫీ గ్లాసంత వేడి. బల్బుని ఇంకో నాలుగు వేళ్ళు పైకి జరిపాను. మూడో రోజు తాబేలు పెంకెక్కి, వెనక కాళ్ళు రెండూ బారజాపి, మెడ చాచి పడుకుంది. నేను గుమ్మం దాటి లోపలికి రాగానే బుడుంగున దూకేసింది. ఆ తర్వాత కర్టెన్ చాటు నుంచే చూసేదాన్ని.

అలా పది రోజులు గడిచాక చీడికాడ వైపు మా ఊళ్ళో ఉండే నానమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే తొట్టె దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

"ఏటే ఇది? తాబేలా? తాబేల్ని ఎవరైనా ఇంట్లోకి తెచ్చుకుంతారేటే?"

ఏమీ అనకపోవడమే అప్పట్లో నాకు వచ్చిన విద్య. ఆవిడ దాన్ని ఏ కాలవలోనో వదిలేస్తుందని భయం పట్టుకుంది. ఆ సాయంత్రమే పాత కిటికీ అద్దం ఒకటి వెతికి తొట్టె మీద మూతలా పరిచాను. దీపాలు రెండూ ఇప్పుడు అద్దం పైనుంచి వెలుగుతున్నాయి. కాపలా పెట్టినంత ధీమాగా అనిపించింది.

నాలుగో రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి బల్బు ఆరిపోయి ఉంది, ట్యూబు మాత్రం వెలుగుతోంది. మర్నాడూ అంతే. కరెంటు పోయిందేమోననుకుంటే గోడ మీద స్విచ్చే ఆపి ఉంది. ఆ మర్నాడు స్విచ్చు మీద కాస్త టాల్కం పౌడరు అద్ది వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే పౌడరు మధ్యలో వేలి గుర్తు ఉంది, బల్బు చల్లగా ఉంది. నానమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఏమీ ఎరగనట్టు రేడియో వింటోంది.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి మెల్లగా చెప్పాను.

"ఆపరేషన్ అయిన కళ్ళు కదే, ఎలుతురు పడదేమో," అన్నాడు నాన్న. "పౌడరేసి పట్టుకున్నావా? నీకు డిగ్రీ ఎందుకే, పోలీసు పరీచ్చ రాసీ."

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తాబేలు అప్పటికి రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు. డొప్ప ఇంకా మెత్తబడింది. ఆ వారంలోనే వీపు అంచున తెల్లమరక ఒకటి కనిపించింది. గోటితో గీకితే పొడిలా రాలింది. దిష్టి తీసి చల్లిన ముగ్గుపిండా? తాబేలు చచ్చిపోవడానికి ఎవరైనా ఇచ్చిన మందా? డైరీలో రెండూ రాసి, రెండో మాట కింద గీత గీశాను.

మరుసటి రోజు రెండు క్లాసులు ఎగ్గొట్టి పదకొండింటికే ఇంటికి వచ్చాను. చెప్పులు వీధిలోనే విడిచి చప్పుడు చెయ్యకుండా లోపలికి అడుగుపెట్టాను. అద్దం పక్కకి తీసి ఉంది. నానమ్మ తొట్టె పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆవిడ ఎడమ అరచేతిలో తాబేలు, ఒళ్ళో తను ఆకువక్కల్లోకి వాడుకునే సున్నం డబ్బా. చూపుడువేలి కొసతో డొప్ప మీద సున్నం రాస్తోంది.

"నానమ్మా, వదిలీ దాన్ని." నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

"వొలమ్మ, దొంగలాగ వచ్చేవేటే."

తాబేల్ని లాక్కుని కుళాయి కింద పెట్టాను. మెడ దగ్గర చర్మం ఎర్రగా కమిలి ఉంది. నీళ్ళు పోస్తూనే అడిగాను.

"సున్నం ఎందుకు రాసేవు? సంపేద్దామనా?"

"సంపడమేటే? బాగు సేత్తన్నాను." ఆవిడ కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. "డొప్ప కారిపోతంది, నీకు కనపడ్డంలేదా? నలపయ్యేళ్ళు మీ తాతతోటి బెల్లం వొండేను. పాకంలో సున్నం సాలకపోతే దిమ్మ కట్టదు. కట్టిన దిమ్మనైనా వేడికి పెడితే కారిపోద్ది. నువ్వేమో దాని నెత్తి మీద దీపమెట్టి వొండుతున్నావు. అందికే ఆర్పేసేను."

"అడగొచ్చు కదా నన్ను."

"అడిగితే సెప్తావా? వచ్చిన కాడినుండి నాతోటి నాలుగు మాటలైనా ఆడేవా? రాసుకోడమే గానీ."

ఆవిడ మాట నేను నమ్మలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, నాన్నకి చూపించడానికి ఋజువులన్నీ ఒకచోట చేరుద్దామని డైరీ మొదటి నుంచి తిరగేశాను. తేదీలు, స్విచ్చు, పౌడరు, మరక. వాటికి ముందు, నెట్ సెంటర్ నుంచి ఎత్తి రాసుకున్న పేజీ అడుగున నా గుండ్రటి అక్షరాల్లోనే ఒక వాక్యం ఉంది. ట్యూబుకీ తాబేలుకీ మధ్య గాజు అడ్డుండకూడదు, గాజు ఆ బలాన్ని ఆపేస్తుంది. రాసుకున్న రోజు తొట్టె మీద అద్దం లేదు. అందుకే ఆ మాట నా బుర్రకెక్కలేదు. అద్దం పెట్టింది నానమ్మ వచ్చిన రోజు, నానమ్మ కోసం. ఇన్నాళ్ళూ ట్యూబు వెలుగుతూనే ఉంది, తాబేలుకి మాత్రం అందలేదు.

ఈ సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. అద్దం తీసి పెరటి గోడకి ఆనించాను.

అది బతుకుతుందో లేదో తెలియని రోజులు ఒక పదిహేను గడిచాయి. పొద్దున పూట నీడా ఎండా రెండూ ఉండేలా వెడల్పాటి బేసిన్లో పెట్టి డాబా మీదికి తీసుకెళ్ళేదాన్ని. నానమ్మ వడియాలకి కాపలా కూర్చున్నానని చెప్పి పక్కనే ఉండేది. దీపం ఎందుకో, పొడి చోటు ఎందుకో ఆవిడకి అక్కడే చెప్పాను. అద్దం సంగతి వచ్చేసరికి మాట మింగేశాను. ఆవిడ ఒకసారి కింద పెరటి గోడకి ఆనించిన అద్దాన్ని చూసింది, ఒకసారి నన్ను చూసింది. ఆవిడకి తెలిసిపోయిందని నా అనుమానం.

పదహారో రోజు తాబేలు తోటకూర ముక్క అందుకుంది. అయినా నానమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ సున్నం డబ్బా తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచేసేదాన్ని. ఆవిడ వెతికి తెచ్చుకునేది, ఎవరు దాచారని మాత్రం అడిగేది కాదు.

ఊరికి వెళ్ళేముందు తాబేల్ని అరచేతిలోకి తీసుకుంది. నేను పక్కనే నిలబడి ఆవిడ వేళ్ళు తెల్లగా ఉన్నాయేమో చూస్తున్నాను. బొటనవేలితో డొప్ప అంచు నొక్కింది. వంగలేదు. మధ్యలో నొక్కింది. కాస్త లోపలికి పోయింది.

"ఇంకా పాకం రాలేదే," అంది, దాన్ని పెంకు మీద దింపుతూ. "దీపం ఆర్పకు."