పాలతో మాటల్లేవు

తాళాలు బాగుచేసే ఆ పెద్దమనిషి మనుషులతో ఎన్నడూ పోట్లాడి ఎరగడు. ఆయన తగాదాలన్నీ వస్తువులతోనే. గొడుగు, కుర్చీ, రేడియో, చెప్పుల జత, ఏదైనా సరే, ఒకసారి ఆయన మనసు నొప్పించిందంటే ఇక దాని మొహం చూడడు.

ఒకసారి గొడుగు నడిబజారులో, నలుగురూ చూస్తుండగా గాలికి వెనక్కి విచ్చుకుంది. ఆ వానాకాలమంతా దాన్ని గోడకి తగిలించి తడుస్తూనే దుకాణానికి వెళ్లొచ్చాడు. తుమ్ముతున్న మొగుడి తల తుడుస్తూ భార్య, గొడుగు ఉన్నది దేనికని నిలదీస్తే, "దానికీ నాకూ మాటల్లేవు" అన్నాడు. ఎంత మొండి తాళాన్నైనా ఓపిగ్గా బుజ్జగించే మనిషి సొంత గొడుగు దగ్గర మాత్రం మెట్టు దిగలేదు. చివరికి ఆవిడే మధ్యవర్తిగా కూర్చుని రాజీ కుదిర్చింది.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఇదంతా చూసి నవ్వుకునేది. పాపం, ఆమెకి నవ్వుకోవడానికి వేరే కారణాలు తక్కువ. ఆమెకి ముద్ద సాఫీగా దిగదు. ఛాతీ మధ్యకి వెళ్లి అక్కడే బైఠాయిస్తుంది. ప్రతి ముద్దకీ నీళ్లు తాగాలి, అందరూ చేతులు కడుక్కున్నా తను కంచం ముందే ఉండాలి. పుట్టింట్లో దీనికి నాజూకుతనం అని పేరు పెట్టారు. అత్తింట్లో ఆ పేరు రానివ్వకూడదని ఆమె పంతం. అందుకే లారీ నడిపే మొగుడికి తప్ప ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చూసింది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఇయోసినోఫిల్స్ అని తెల్ల రక్తకణాల్లో ఒక రకం ఉంటుందట. అన్నవాహికలో వాటికి పనేమీ లేదు. ఈమెకి మాత్రం అవి అక్కడే గుంపుకట్టి, తిన్నవాటిలో దేన్నో శత్రువనుకుని కయ్యానికి దిగాయి. ఆ కయ్యంలో అన్నవాహిక వాచి ఇరుకైపోయింది. శత్రువెవరో తేలాలంటే ముందు పాలూ గోధుమలూ పూర్తిగా మానాలి, మళ్లీ కెమెరా పరీక్ష దాకా ఎక్కడా తప్పకూడదు, ఇలాగే వదిలేస్తే దారి ఇంకా మూసుకుపోతుంది అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం కోడలు పెరటి మెట్ల మీద కూర్చుని మొగుడికి ఫోన్లో అంతా చెప్పింది. మానడం తేలికే, పొద్దున లేస్తే రొట్టెలూ పాలూ ముందుపెట్టే అత్తగారికి ఏం చెప్పాలో తోచడం లేదని బెంగపడింది.

మర్నాడు పొద్దున తాళాలాయన టీ గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు దానివైపే చూశాడు. టీ అంటే ఆయనకి ప్రాణం. అలాంటిది గ్లాసు పక్కకి జరిపేశాడు.

"ఈ పాలకి పొగరెక్కింది. నిన్న నా కళ్లముందే పొంగి స్టవ్వార్పేశాయి. నాకూ వాటికీ మాటల్లేవు. ఇంట్లోకి రానివ్వకు" అన్నాడు భార్యతో.

మధ్యాహ్నం రొట్టె ఆయన పంటికి ఎదురు తిరిగిందట. దాన్నీ వెలేశాడు. అత్తగారు వీధి వీధంతా వినేలా తిట్టిపోసింది. తిడుతూనే పాలు మాన్పించింది, గోధుమపిండి డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. కోడలు తన అదృష్టానికి తనే విస్తుపోయింది. ఆమె నోరు విప్పకుండానే ఇంటి వంట మారిపోయింది, తిట్లేమో మావగారికి పడ్డాయి.

తర్వాతి పరీక్షలో వాపు కొంతే తగ్గింది. గుడ్లు కూడా మానమంది డాక్టరమ్మ. ఆ కబురూ పెరటి మెట్ల మీదినుంచే ఫోనెక్కింది. మర్నాడే ఒక గుడ్డు కావాలని దొర్లుకుంటూ వచ్చి తాళాలాయన కాలి మీద పగిలింది. గుడ్ల వంశం మొత్తానికీ ఇంట్లో ప్రవేశం లేదన్నాడాయన.

ఇక కోడలికి అనుమానం వచ్చింది. పెరటి మెట్ల పక్కనే మావగారి పనిబల్ల. భార్య కేకలు వినబడని ఆ చెవులకి తాళంలో స్ప్రింగు కదిలితే వినబడుతుంది. ఆ సాయంత్రం అవతల ఎవరూ లేకుండానే ఫోన్ చెవికి పెట్టుకుని, అరటిపళ్లు కూడా తినొద్దన్నారని గట్టిగా చెప్పింది.

భోజనమయ్యాక తాళాలాయన అలవాటుగా అరటిపండు తీసి సగం ఒలిచాడు. ఒలిచి ఆగిపోయాడు. దాని వంక దిగులుగా చూశాడు. మెల్లగా తొక్క మళ్లీ పైకి కప్పాడు.

"ఇది కూడా ఈమధ్య నాతో సరిగ్గా ఉండడం లేదు" అన్నాడు.

కోడలు ఆపుకోలేక పకపకా నవ్వేసింది. అరటిపండు మాట అబద్ధమనీ, ఆయన నిశ్చింతగా తినొచ్చనీ చెప్పింది. ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. అత్తగారి ముందు జబ్బు సంగతంతా బయటపెట్టింది.

అత్తగారు గిన్నెలు సర్దుతూనే ఉంది. "నాకు తెలుసులేవే. ఈయన గొడుగుతో అలుగుతాడుగానీ టీతో అలిగే మనిషా? ఆరోజే నిలదీసి కక్కించాను. నువ్వే చెప్తావని చూస్తున్నాం."

"మరి మావయ్యగారిని అన్ని తిట్లు తిట్టారే?"

"తిట్టకపోతే నువ్వు నమ్మేదానివా? అయినా పాత కోపాలు కొన్ని ఉండిపోయాయి, పన్లో పనిగా అవీ తీర్చుకున్నాను."

ఆరోజునుంచి పోరు ముగ్గురిదీ అయింది. బయటినుంచి ఏ పొట్లం వచ్చినా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, అందులో ఏమేం కలిపారో చదివిగానీ గడప దాటనిచ్చేది కాదు. మళ్లీ కెమెరా దింపేసరికి అన్నవాహిక శుభ్రంగా ఉంది. తర్వాత ఒక్కొక్కటే తినిపించి చూశారు. గోధుమలది తప్పు లేదు. గుడ్డుదీ లేదు. తాళాలాయన రెండింటితోనూ పెద్దమనసుతో రాజీపడి, అవి పడ్డ నిందకి నొచ్చుకున్నాడు కూడా. పాలు మళ్లీ మొదలుపెట్టగానే వాపు తిరిగొచ్చింది. దొంగ దొరికింది.

ఇప్పుడు కోడలు అందరితోపాటే కంచం ముందునుంచి లేస్తుంది. ఒకరోజు పొద్దున మావగారు పాలు లేని టీ చేదుగా మింగుతుంటే చూడలేకపోయింది.

"మీ గ్లాసులో పాలు పోసుకుంటే నాకేం కాదు మావయ్యగారూ. నాకోసం మానక్కర్లేదు."

"నీకోసమని ఎవరన్నారు?" అన్నాడాయన కోపంగా. "మా ఇంటి పిల్ల గొంతు పట్టుకున్నవాటిని నేనెలా పలకరిస్తానమ్మా?"

మిగిలిన టీ ఆముదం తాగినట్టు మొహం పెట్టి తాగేశాడు. తాగి, ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు.